డాక్టర్ సలహా: సింథటిక్ అని ఫోలిక్ యాసిడ్ మానేశాను.. మంచిదేనా?

ప్రశ్న: నా వయసు 29. పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం. అందుకే ఇంట్లో కెమికల్స్ తగ్గిద్దామని పారాబెన్లు (క్రీమ్ చెడిపోకుండా కలిపే ప్రిజర్వేటివ్‌లు) ఉన్న క్రీమ్ పక్కన పెట్టి, టీ ట్రీ నూనెను నేరుగా ముఖానికి, మెడకు రాస్తున్నాను. డాక్టర్ రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా సింథటిక్ అని తెలిసి ఆపేసి, ఆకుకూరలు ఎక్కువగా తింటున్నాను. కొన్ని వారాలుగా మెడ మీద ఎర్రటి దద్దుర్లు, విపరీతమైన దురద. ఒంట్లోని మలినాలు బయటికి పోతున్నాయి, అదే తగ్గిపోతుందని స్నేహితురాలు అంటోంది. నిజమేనా?
- ఓ పాఠకురాలు

జవాబు: ముందు ఫోలిక్ యాసిడ్ సంగతి. ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి. దద్దుర్లు కాస్త ఆలస్యంగా తగ్గినా ఫర్వాలేదు గానీ, ఇది వాయిదా వేసే విషయం కాదు. బిడ్డకు మెదడు, వెన్నుపాముగా ఎదిగే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందేమోనన్న అనుమానం కూడా చాలామందికి అప్పుడే మొదలవుతుంది. తెలిశాక వేసుకుందాంలే అంటే అసలు సమయం దాటిపోతుంది. అందుకే గర్భానికి ముందు నుంచే మొదలుపెట్టి, 12వ వారం వరకు రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమని చెబుతాం. మీకు షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా డోసు మారుతుంది. దాన్ని మీ డాక్టరే నిర్ణయించాలి.

ఆకుకూరలు మానొద్దు. కానీ వాటిలోని ఫోలేట్ (ఇదే విటమిన్‌కు సహజ రూపం) వండేటప్పుడే కొంత పోతుంది, తిన్నదాంట్లో కూడా సుమారు సగమే ఒంటికి పడుతుంది. మాత్రలోని ఫోలిక్ యాసిడ్ భోజనంతో వేసుకున్నా దాదాపు 85 శాతం అందుతుంది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు గర్భంలో ఈ నాళం లోపం వచ్చిన స్త్రీలకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. లోపం మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. మీరు పక్కన పెట్టింది ఈ ‘సింథటిక్’నే!

ఇక మెడ సంగతి. మలినాలు దద్దుర్లుగా బయటికి పోవడమంటూ ఏమీ ఉండదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది కాంటాక్ట్ డెర్మటైటిస్‌లా, అంటే చర్మానికి తగిలిన పదార్థం పడక వచ్చే దద్దుర్లలా ఉంది. నేచురల్ నూనెకు అలర్జీ వస్తుందా అంటే, బాగానే వస్తుంది. టీ ట్రీ నూనె ఒక్క పదార్థం కాదు, పదుల కొద్దీ రసాయనాల మిశ్రమం. సీసా మూత తీసినప్పుడల్లా గాలి తగిలి వాటిలో కొన్ని ఆక్సీకరణ చెందుతాయి, అలా మారినవే అలర్జీని ఎక్కువగా రేపుతాయి. అందుకే చాలాకాలంగా వాడుతున్న పాత సీసా మరింత ఇబ్బంది. పైగా మీరు దేంట్లోనూ కలపకుండా నేరుగా రాశారు. ఆ నూనె వెంటనే ఆపేయండి. వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ పలుచగా రాయండి. పెట్రోలియం అనగానే ఉలిక్కిపడొద్దు, అలర్జీ కనిపెట్టే ప్యాచ్ టెస్టులో పదార్థాలను మేం కలిపేది ఎక్కువగా ఆ జెల్లీలోనే. దానికి అలర్జీ రావడం అంత అరుదు.

మీరు మానేసిన పారాబెన్ల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. వాటి మీద భయంతో చాలా కంపెనీలు మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే మరో ప్రిజర్వేటివ్‌కు మారాయి. అలర్జీ కేసులు ఎంతగా పెరిగాయంటే, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్ని ‘అలర్జెన్ ఆఫ్ ది ఇయర్’గా (అలర్జెన్ అంటే అలర్జీ తెచ్చే పదార్థం) ప్రకటించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్లకు ‘నాన్ అలర్జెన్ ఆఫ్ ది ఇయర్’ అని పేరు పెట్టింది. హార్మోన్ల మీద వాటి ప్రభావం గురించిన చర్చ వేరు. ఆ విషయంలో యూరోపియన్ యూనియన్ 2014లో ఐదు రకాల పారాబెన్లను కాస్మెటిక్స్‌లో నిషేధించి, మిథైల్, ఇథైల్ రకాలను పరిమితి మేరకు వాడుకోనిచ్చింది. ‘పారాబెన్’ అన్న మాట చూసి కాకుండా, అది ఏ రకమో చూసి నిర్ణయించుకోండి.

అలాగని సింథటిక్ అంతా మంచిదని నేను చెప్పడం లేదు. 1950ల చివర్లో వేవిళ్లకు వాడిన థాలిడొమైడ్ వల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. మీ విషయానికొస్తే, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతుంటే గర్భానికి ప్రయత్నించడానికి కనీసం నెల ముందు ఆపాలి. అది విటమిన్ ఎ కుటుంబంలోదే. ఆ విటమిన్ సహజంగానే దండిగా ఉండే కాలేయం కూడా గర్భిణులు తినకూడదని చెప్పేది అందుకే. ఏ పదార్థం, ఎంత మోతాదులో, ఎవరి ఒంట్లోకి వెళ్తోందన్నదే నేను చూస్తాను. చెట్టు నుంచి వచ్చిందా, ల్యాబ్ నుంచి వచ్చిందా అన్నది ఆ తర్వాతే.

ఇంట్లో నిజంగా ఏదైనా తగ్గించాలంటే ఒకటి చెబుతాను: బ్లీచ్‌ను యాసిడ్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. ‘నేచురల్’ అని కొందరు వాడే వెనిగర్ కూడా ఆమ్లమే, బ్లీచ్‌తో కలిస్తే అదీ అంతే.

నూనె ఆపిన వారం పది రోజుల్లో దురద తగ్గకపోయినా, మెడ నుంచి రసి కారినా, కళ్ల చుట్టూ వాచినా చర్మవ్యాధి నిపుణులను కలవండి. గర్భానికి ప్రయత్నిస్తున్నారని ముందే చెబితే మందులు దానికి తగ్గట్టు రాస్తారు. వెళ్లేటప్పుడు ఆ నూనె సీసా, పాత క్రీమ్ డబ్బా రెండూ పట్టుకెళ్లండి. ప్యాచ్ టెస్టులో ఏమేం పెట్టాలో ఆ లేబుళ్లు చూసే తేలుస్తారు.