‘పలుగురాయి స్ఫటికాలు’ అంటే చెప్పిందే మళ్లీ చెప్పినట్టా?

సందేహం: సార్, మొన్న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డు మీద వెళ్తుంటే, గుట్టను తొలిచిన చోట బండలో అడ్డంగా ఒక తెల్లటి చార, అందులో చిన్న గుల్ల, ఆ గుల్ల నిండా ఆరు పలకలతో మొనదేలిన రాళ్లు కనిపించాయి. ఫొటో తీసి ‘పలుగురాయి స్ఫటికాలు’ అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా బావగారు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. పలుగురాయి అన్నా స్ఫటికమన్నా ఒకటే, ఇది పునరుక్తి అన్నారు. మా అబ్బాయేమో పలుగంటే గడ్డపార కదా, రాయికి ఆ పేరేంటంటున్నాడు. ఇంతకీ ఏది ఒప్పు? (మియాపూర్ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ బావగారి మాట తీసిపారేసేది కాదు. సంస్కృతంలో స్ఫటికమంటే అవతలి వస్తువు కనిపించేంత స్వచ్ఛమైన పలుగురాయే, అంటే మనం ఇప్పుడు క్వార్ట్జ్ అంటున్నదే. స్ఫటిక లింగం, స్ఫటిక మాల అన్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థమే. కాకపోతే సైన్సు పాఠాలు తెలుగులో రాయాల్సి వచ్చినప్పుడు, లోపలి అణువులు ఒక పద్ధతిగా పేర్చుకుని ఉండే ఏ ఘనపదార్థానికైనా ఈ మాటనే వాడుకున్నారు. ఉప్పు స్ఫటికం, చక్కెర స్ఫటికం, మైలుతుత్తం స్ఫటికం అని మనమంతా బళ్లో చదివినవాళ్లమే, ఉప్పులో పలుగురాయి ఉందని ఎవరమూ అనుకోలేదు. ఒక రాయి పేరుగా మొదలైన మాట ఒక రూపానికి పేరైంది. పలుగురాయి ఆ పదార్థం పేరు, స్ఫటికం అది తీసుకున్న రూపం పేరు అనుకుంటే మీరు రాసిన దాంట్లో పునరుక్తి లేదు.

నిజానికి ఆ రెండో మాట అక్కడ ఉండాల్సిందే. హైదరాబాద్ కూర్చున్నదే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. మౌలాలి గుట్ట, గోల్కొండ, ఖాజాగూడ రాళ్లు అన్నీ అదే. ఆ గ్రానైట్‌లో పలుగురాయి ఎక్కడ చూసినా ఉంటుంది, కానీ చల్లారేటప్పుడు పక్కనున్న ఖనిజాలతో ఇరుక్కుని గట్టిపడుతుంది కాబట్టి పలకలూ మొనా ఏర్పడే వీలు దానికి దొరకదు. బండలో పగుళ్లు పడి, వాటిలోకి సిలికా (పలుగురాయికి మూలపదార్థం) కరిగిన వేడినీళ్లు చేరితే తెల్లటి చారలు ఏర్పడతాయి, వాటిలో కూడా చాలావరకు ఉత్త ముద్దే. ఎక్కడో ఒకచోట ఖాళీ మిగిలితేనే మీరు చూసినట్టు ఆరు పలకలతో మొనదేలి పెరుగుతుంది. (సైన్సు లెక్కన ఆ ముద్ద కూడా లోపల స్ఫటికమే అనుకోండి, కానీ వాడుకలో మనం స్ఫటికమనేది పలకలు తేలినదాన్నే.) మీరు ఉత్తగా పలుగురాయి అని రాసి ఉంటే చదివినవాళ్లు దార్లో కనిపించే ఏదో తెల్లరాయి అనుకునేవాళ్లు.

ఇంకో మాట. మన బండల్లో ఎండకు తళుక్కుమనేదంతా పలుగురాయి కాదు. గులాబీ రంగులోనో బూడిద రంగులోనో చదునుగా మెరిసేది ఎక్కువగా ఫెల్డ్‌స్పార్ అనే వేరే ఖనిజం. పగిలిన చోట చూస్తే తేడా తెలిసిపోతుంది. ఫెల్డ్‌స్పార్ చదునుగా విడిపోతుంది, పలుగురాయి మాత్రం సీసా పెంకులా వంపులు తిరిగి పగులుతుంది. అబ్బాయికి సరదాగా ఉంటుందంటే రెండు పలుగురాళ్లు తెచ్చి చీకటి గదిలో గట్టిగా రాపాడించమనండి, మసక వెలుగొకటి కనిపిస్తుంది, కాలిన వాసన కూడా వస్తుంది. ఇది చూసి దీన్నే చెకుముకిరాయి అనేవాళ్లున్నారు. సిలికా కుటుంబమే అయినా చెకుముకి వేరు, దాన్ని ఉక్కుతో కొట్టాలి, అప్పుడు ఎగిరే నిప్పురవ్వలు కూడా రాయివి కావు, ఉక్కువి.

ఇక పలుగు. పలుగూ పారా అనే జంటలో పలుగు గడ్డపారే, అందులో సందేహం లేదు. అయితే పలుగుతో తవ్వే రాయి కాబట్టి పలుగురాయి అనడం నాకు నచ్చదు. పలుగుతో తవ్వని రాయేది? తమిళంలో పళింగు, పాత కన్నడంలో పళుకు ఉన్నాయి, రెండూ స్ఫటికాన్ని చెప్పే మాటలే. రాయి పేరులోని పలుగును వాటి పక్కన పెట్టి చూడడమే సబబు, పనిముట్టు పేరు దాంతో ధ్వని కలిసిన వేరే మాట అని నా అభిప్రాయం. అందుకే పలుగురాయిని మోటు మాట అని పక్కనపెట్టి స్ఫటికాన్ని గొప్పగా చూసేవాళ్లతో నాకు పేచీ. కడప జిల్లాలో ఏకంగా పలుగురాళ్లపల్లె అనే ఊరే ఉంది!

మీరు రాసిన దాంట్లో సరిదిద్దాల్సింది ఇంకోటుంది, దాన్ని మీ బావగారు వదిలేశారు. రాయి అనే మాట విభక్తి చేరేటప్పుడు ‘రాతి’ అవుతుంది. చెయ్యి చేతి, నెయ్యి నేతి, గొయ్యి గోతి అయినట్టే. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు. రాతిగోడ అంటాం, రాయిగోడ అనం. కాబట్టి ‘పలుగురాతి స్ఫటికాలు’ అంటే బాగుంటుంది. క్వార్ట్జ్ స్ఫటికాలు అన్నా నాకేం అభ్యంతరం లేదు, గనుల దగ్గర పనిచేసేవాళ్లు ఆ మాట రోజూ వాడుతున్నారు.

రాసేటప్పుడు ‘స్పటికం’ అని మాత్రం రాయకండి, స కింద ఫ ఒత్తే ఉండాలి. పలికేటప్పుడు అది ఫ్యాన్‌లో ఫ కాదు, ఒత్తి పలికే ప. ఆ ఒత్తూ, ముందున్న సకారమూ రెండూ పోయి తెలుగులో స్థిరపడిన రూపం పటికం. మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటిక, పిల్లలు చప్పరించే పటికబెల్లం అటునుంచి వచ్చినవే, కాకపోతే ఆ రెండూ నీళ్లలో కరుగుతాయి, మీరు ఫొటో తీసింది కరగదు.