బండి స్టార్ట్ కాకపోతే టాటా ఏస్ పిలవకముందు ఆ ప్లగ్గు తీసి చూడు తమ్ముడూ

ఒంగోలు నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీలో ఉంటున్న ఒక తమ్ముడు పోయిన వారం అడిగాడు. ఆఫీసు స్నేహితులు నలుగురు కలిసి చిక్కబళ్లాపుర దగ్గర స్థలం కొన్నారట, అక్కడ తిరగడానికి సెకండ్‌హ్యాండ్‌లో ఒక చిన్న ఏటీవీ కూడా తీసుకున్నారట. అదే, నాలుగు లావు చక్రాల బండి, 110 సీసీది. వానాకాలమంతా షెడ్డులో పడుంది, ఇప్పుడు స్టార్ట్ కావట్లేదు. దానికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి రోడ్డు మీద నడపకూడదు, మెకానిక్ ఏమో అంత దూరం రానంటున్నాడు, టాటా ఏస్‌లో వేసి బెంగళూరు తీసుకురమ్మంటున్నాడు. "రానూ పోనూ బాడుగే ఐదు వేలు అంటున్నారు అన్నా, ఏం చేయమంటారు?" అని.

ఏం చేయమంటానంటే, ముందు ఆ స్పార్క్ ప్లగ్గు, అంటే ఇంజను లోపల పెట్రోలుకి నిప్పు అంటించే ముక్క, తీసి చూడు. నిన్ను మెకానిక్‌ని చేయాలని కాదు. నేను తెనాలి నుంచి 2003లో ఈ ఊరొచ్చాను. ఊరు కాని ఊళ్లో, భాష సరిగ్గా రానప్పుడు, బండి ఆగిపోతే మనిషికి ఎంత దిగులుగా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఎవరేం చెప్తే అది నమ్మాల్సి వస్తుంది. ప్లగ్గు మార్చడం అరగంట పని, కొత్త మామూలు ప్లగ్గు ఖరీదు రెండొందల లోపే. దానికంటే ముఖ్యం, పాత ప్లగ్గు ఇంజను లోపల ఏం జరుగుతోందో చెప్పేస్తుంది, చూడటం వస్తే చాలు. అందుకే మార్చడం కంటే చూడటం గురించే ఎక్కువ చెప్తాను.

ఇది నాకు నేర్పింది మడివాళలో ఒక పెద్దాయన. నాన్న బండి, 100 సీసీ కార్బురేటర్ (ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి పంపేది) బండి, ట్యాంకులో పెట్రోలంతా తీసేయించి రైల్లో పార్సిల్ వేయించి తెచ్చుకున్నాను. తెనాలిలో ఏ రోజూ మొరాయించని బండి ఇక్కడికొచ్చాక పొద్దున్నే స్టార్ట్ కావడానికి ఏడిపించేది, సిగ్నల్ దగ్గర ఆగిపోయేది. మా వీధి చివర షాపులో ఆరు నెలల్లో మూడు ప్లగ్గులు మార్పించాను. మార్చిన ప్రతిసారీ పది రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. చివరికి ఎవరో చెబితే ఈయన దగ్గరికి వెళ్లాను, కోలారు వైపు మనిషి, తెలుగే మాట్లాడేవాడు. ఆయన కొత్త ప్లగ్గు అమ్మలేదు. ఉన్నది ఊడదీసి, గుడ్డతో తుడవకుండా అలాగే ఎండలోకి తీసుకెళ్లి రెండు వేళ్ల మధ్య తిప్పి నాకు చూపించాడు. కొసంతా నల్లగా, పొడిగా, లాంతరు చిమ్నీకి పట్టిన మసిలాగా ఉంది, వేలు పెడితే అంటుకుంది. "ఏమప్పా, మీది కింద ఊరా? ఈ బండి ఆ గాలికి అలవాటు పడింది సామీ, ఇక్కడ గాలి పలచన" అన్నాడు. తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీసి తడితే దుమ్ము గుప్పెడు రాలింది. ఫిల్టర్ మార్చి, కార్బురేటర్ స్క్రూ కొంచెం తిప్పి సెట్ చేశాడు. ఆ ప్లగ్గునే బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ బిగించాడు, అది ఇంకో ఏడాది పైగా నడిచింది.

ఆయన చెప్పింది నిజమే. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, మన కోస్తా ఊళ్లతో పోలిస్తే ఇక్కడ గాలి సుమారు పదో వంతు పలచన. కార్బురేటర్‌కి ఆ సంగతి తెలియదు, అక్కడ పోసినంత పెట్రోలే ఇక్కడా పోస్తుంది. దానికి దుమ్ము పట్టిన ఫిల్టర్ కూడా తోడైతే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ, అది పూర్తిగా మండక ప్లగ్గు మీద మసి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బైకుల్లో దాదాపు అన్నిటికీ కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది కాబట్టి అవి వాటంతట అవే సర్దుకుంటాయి, కానీ మీరు కొన్నలాంటి చిన్న ఏటీవీల్లో ఎక్కువగా కార్బురేటరే.

ఇక పనిలోకి దిగుదాం. పానా పట్టుకునే ముందు రెండు నిమిషాలు ఆగి ఇవి చూడు. చిన్న ఏటీవీల్లో వెనక వైపు ఒక ఎర్ర తాడు ఉంటుంది, పిల్లలు నడుపుతుంటే పెద్దవాళ్లు లాగి ఆపడానికి. అది ఊడినా, సరిగ్గా కూర్చోకపోయినా ప్లగ్గుకి కరెంటు రాదు. హ్యాండిల్ మీద ఎర్ర స్విచ్ ఒకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉందా? బ్రేక్ లీవర్ నొక్కి పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేసేలా చాలా బండ్లలో పెడతారు, అది తెలుసా? మా బంధువుల పిల్లలు ఒకసారి ఆ తాడు పీకి ఎక్కడో పడేశారు, మేము సగం రోజు ఇంజను విప్పుతూ కూర్చున్నాం. అలాగే ప్లగ్గు వైరు మొత్తం తడిమి చూడు. నెలల తరబడి షెడ్డులో ఉన్న బండికి ఎలుకలు ఆ వైరునే కొరుకుతాయి.

ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి, ఈ ఒక్కటి మాత్రం తప్పొద్దు. ఇంజను హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. వేడిగా ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే మెత్తటి అల్యూమినియం మరలు లేచిపోతాయి. ఒక షాపులో నా కళ్ల ముందే ఇది జరిగింది. అప్పుడే ఆపిన ఇంజను, కుర్రాడు హడావుడిగా పానాకి పొడుగాటి రాడ్డు తగిలించి తిప్పాడు, ప్లగ్గుతో పాటు అల్యూమినియం రజను బయటికొచ్చింది. హెడ్డు విప్పి, లేత్ షాపులో కొత్త మరలు వేయించుకుని, అన్నీ కలిపి ప్లగ్గు ఖరీదుకి ముప్ఫై రెట్లు అయింది, ఆ డబ్బు నాదే.

బండి తాళంచెవి తీసేయి. ప్లగ్గు మీదున్న రబ్బరు టోపీని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ లాగు, వైరు పట్టుకుని మాత్రం లాగొద్దు, లోపల తెగిపోతుంది. టోపీ వచ్చాక ప్లగ్గు చుట్టూ ఉన్న గుంటలో చూడు, పొలం బండి కాబట్టి మట్టి, ఇసుక నిండా ఉంటుంది. ప్లగ్గు తీసిన క్షణంలో అదంతా సిలిండర్ లోపలికి పోతుంది, పోయిందంటే పిస్టన్ గీరుకుపోతుంది. సైకిల్ పంపుతోనైనా సరే గాలి కొట్టి శుభ్రం చేయి, లేకపోతే పాత టూత్‌బ్రష్‌తో. నేనైతే ప్లగ్గు ఒక చుట్టు వదులు చేసి, మళ్లీ ఇంకోసారి గాలి కొట్టి, అప్పుడే పూర్తిగా తీస్తాను.

110 సీసీ ఇంజనుకి సాధారణంగా 10 ఎంఎం మరల ప్లగ్గు ఉంటుంది, దానికి 16 ఎంఎం ప్లగ్ పానా కావాలి. 200, 250 సీసీ వాటిలో చాలావరకు 12 ఎంఎం మరలు, 18 పానా. మామూలు రింగ్ పానాతో ప్రయత్నించకు, జారిందంటే తెల్లటి పింగాణీ పగులుతుంది. అది సన్నగా నెర్రె ఇచ్చినా కంటికి కనపడదు గానీ కరెంటు అక్కడి నుంచే దారి తప్పుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. చోక్ వేసి ఓ పది కిక్కులు కొట్టిన వెంటనే ప్లగ్గు తీశావనుకో. కొస పెట్రోలుతో తడిగా ఉందా, పొడిగా ఉందా? పొడిగా ఉంటే పెట్రోలు ఇంజను దాకా రావట్లేదని అర్థం, నువ్వు ఎన్ని ప్లగ్గులు మార్చినా లాభం లేదు. వానాకాలమంతా నిలబెట్టారన్నావు కదా, నాకు ఇదే అనుమానం. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది, అది తేమని పీల్చుకుంటుంది. పాతబడిన పెట్రోలు కార్బురేటర్‌లో జిగురులా మారి పెట్రోలు పారే సన్నటి రంధ్రాన్ని, అంటే జెట్‌ని, మూసేస్తుంది. పాత పెట్రోలంతా తీసేసి కొత్తది పోసి, కార్బురేటర్ అడుగు గిన్నె విప్పి కడగాలి. అదే తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు రావట్లేదు, లేదా చోక్ మరీ ఎక్కువై ముంచేసింది. అప్పుడు ప్లగ్గు ఆరబెట్టి, కొత్తది పెట్టి చూడటంలో అర్థముంది.

అంతకుముందు బాగా నడిచిన బండైతే రంగు కూడా చూడు. లేత ఇటుక రంగు, బిస్కెట్ రంగు అయితే ఇంజను ఆరోగ్యంగా ఉంది. పొడి మసి అయితే పైన నా బండి కథే, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడు. నల్లగా ఉండి, జిడ్డుగా, నూనె అంటుకుంటుంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీళ్లు గానీ అరిగి ఇంజనాయిల్ పైకి వస్తోందన్నమాట, ఇది మాత్రం మెకానిక్ పనే. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి పొక్కులు లేస్తే ఇంజను మితిమీరి వేడెక్కుతోంది, అలాంటి బండిని నడపొద్దు. ఆ పెద్దాయన ఎండలోకి ఎందుకు తీసుకెళ్లాడో తర్వాత నాకు అర్థమైంది, ట్యూబ్‌లైట్ కింద మసికీ జిడ్డుకీ తేడా తెలియదు.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని జేబులో వేసుకుని వెళ్లు. జేసీ రోడ్డులో వరసగా స్పేర్ పార్ట్స్ షాపులే, తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామందే దొరుకుతారు. అయినా "ఇదే నంబర్ కొడి" అని కన్నడలో ఒక మాట అడిగితే ఆ పలకరింపే వేరుగా ఉంటుంది, ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ మనకి పనికొస్తుంది. నీ పాత ప్లగ్గు మీద ఏ7టీసీ అని ఉంటే దానికి సమానం ఎన్‌జీకే కంపెనీలో సీ7హెచ్‌ఎస్‌ఏ, పెద్ద బండ్లలో ఎక్కువగా కనపడేది డీ8ఈఏ. ఎన్‌జీకే వాటిలో మొదటి అక్షరం మరల సైజు, సీ అంటే 10 ఎంఎం, డీ అంటే 12. మధ్యలో అంకె వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందో చెప్తుంది, అంకె పెరిగేకొద్దీ చల్లటి ప్లగ్గు. బాష్‌లో దీనికి సరిగ్గా తలకిందులు, అంకె పెరిగితే వేడి ప్లగ్గు. కాబట్టి కంపెనీ మారితే అంకె చూసి కొనొద్దు, సమానమైనది ఏదో అడిగి తీసుకో. మన నాన్నల కాలంలో ప్లగ్గు అంటే మైకో ప్లగ్గే, ఆ మైకో 1951లో మొదలైంది, ఫ్యాక్టరీ ఈ ఊళ్లోనే, 2008లో పేరు బాష్ అయింది. బీటీఎంలో మైకో లేఅవుట్ అని రోజూ వింటుంటావే, ఆ పేరు దీనిదే.

మరల భాగం పొడుగు కూడా పాతదాంతో పక్కపక్కన పెట్టి చూడాలి. పొడుగైన ప్లగ్గు పెడితే పిస్టన్ తగలొచ్చు.

సీ7హెచ్‌ఎస్‌ఏ, డీ8ఈఏ రెండిటికీ కొసల మధ్య సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్నటి రేకులు, పెట్టి చూడు. ఎక్కువుంటే వంగిన పై కొసని గట్టి చెక్క మీద మెల్లగా తట్టు, తక్కువుంటే దాన్నే కొంచెం పైకి లేపు, మధ్య కొస జోలికి మాత్రం పోకు.

బిగించేటప్పుడు పానా చివర్లోనే. ముందు వేళ్లతో, చెయ్యి లోపలికి పోకపోతే ప్లగ్గు తలకి ఒక రబ్బరు ట్యూబు ముక్క తగిలించి దాంతో తిప్పు. మర తప్పుగా ఎక్కితే ట్యూబు జారిపోతుంది కాబట్టి నష్టం ఉండదు. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లకి సులువుగా రాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టు, బలం మాత్రం వాడొద్దు. వేళ్లతో పూర్తిగా కూర్చున్నాక కొత్త ప్లగ్గుకి పానాతో అర చుట్టు చాలు, దాని వాషర్ నలిగి పట్టుకుంటుంది. పాతదాన్నే మళ్లీ పెడితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో ఒక గంట దూరమంత తిప్పితే సరిపోతుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ పానా ఉంటే 10 ఎంఎం ప్లగ్గుకి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎం దానికి 15 నుంచి 20. మరలకి గ్రీజు రాయమని కొందరు చెప్తారు, కొత్త ప్లగ్గులకి పూత ఉంటుంది, రాస్తే తెలియకుండానే ఎక్కువ బిగుసుకుంటుంది, వద్దు.

నిప్పు వస్తోందో లేదో చూడాలనుకుంటే ప్లగ్గుకి టోపీ తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజను లోహానికి ఆనించి కిక్ కొడితే సందులో నీలంగా చిటపటమంటుంది. కానీ పెట్రోలు ఒలికిన చోట, తడిగా ఉన్న ప్లగ్గు గుంట దగ్గర ఆ పని అస్సలు చేయకు. పట్టుకునేటప్పుడు కూడా రబ్బరు టోపీనే పట్టుకో, షాక్ గట్టిగా కొడుతుంది.

కొత్త ప్లగ్గు పెట్టినా, పెట్రోలు వస్తున్నా నిప్పు లేదంటే అప్పుడు లోపం ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్‌లో గానీ సీడీఐలో గానీ ఉండొచ్చు, ఆ విడి భాగాల్ని విప్పి సంచిలో వేసుకుని బస్సులో తెచ్చుకోవచ్చు, దానికీ టాటా ఏస్ అక్కర్లేదు. ఇంకెప్పుడైనా సిటీలో నీ బైక్‌కి షాపులో ప్లగ్గు మార్పించినా "హళే ప్లగ్ ననగే కొడి" అని అడిగి పాతది తీసుకో. ఇవ్వడానికి నసిగితే ఆ షాపుకి రెండోసారి వెళ్లకు.

శనివారం వెళ్తున్నారు కదా. 16 పానా, ఫీలర్ గేజ్, పాత టూత్‌బ్రష్, లీటరు కొత్త పెట్రోలు, సీ7హెచ్‌ఎస్‌ఏ ఒకటి పట్టుకెళ్లండి. పది కిక్కులు కొట్టి ప్లగ్గు తీశాక తుడవకుండా ఎండలో ఒక ఫొటో తీసి నాకు పంపు, తడో పొడో కూడా రాయి. మధ్యాహ్నం దాకా ఫోన్ దగ్గరే ఉంటాను.