టీసీ తీసుకోమంటే తీసుకోవాల్సిందేనా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబు సీబీఎస్ఈ స్కూల్లో ఐదో తరగతి. నోటితో అడిగితే పాఠమంతా చెప్తాడు, రాయమంటే అక్షరాలు తారుమారు చేస్తాడు. సైకాలజిస్టు డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఎదురయ్యే ఇబ్బంది) అన్నారు. ‘టీసీ తీసుకుని స్పెషల్ స్కూల్లో వేయండి’ అని ప్రిన్సిపాల్ ఒత్తిడి చేస్తున్నారు. ఏ స్కూల్లో వేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: స్కూలు వెతకడం తర్వాత, ముందు టీసీ దరఖాస్తు మీద మాత్రం సంతకం పెట్టకండమ్మా. అందులో కారణం అన్నచోట ‘తల్లిదండ్రుల కోరిక మేరకు’ అని రాయిస్తారు. సంతకం పడ్డాక స్కూలువాళ్లే పంపించేశారని రుజువు చేయడం చాలా కష్టం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడిలోంచి తీసేయకూడదు. మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం ఈ చట్టం వర్తించదు.

మీకు అసలు బలం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. డిస్లెక్సియా దాని పరిధిలోకి వస్తుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ ఇలాంటి ఇబ్బందిని తొందరగా గుర్తించి, దానికి తగ్గట్టు బోధన మార్చుకోవాలని సెక్షన్ 16 చెబుతోంది. అంటే ప్రిన్సిపాల్ మీ మీదికి నెట్టేస్తున్న పని చట్టప్రకారం ఆయనదే. ఇలాంటి పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందిన టీచరు, అంటే స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్నది సీబీఎస్ఈ నిబంధన కూడా. ‘మా అబ్బాయికి ఏ సహాయం ఇస్తారో రాతపూర్వకంగా తెలపండి’ అని లేఖ ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా టీసీ అడిగేవాళ్లు కాగితం మీద ఆ మాట రాయడానికి జంకుతారు.

వైకల్య సర్టిఫికెట్‌కు ఇప్పుడే దరఖాస్తు చేయండి. పదో తరగతి బోర్డు పరీక్షలో మూడు గంటల పేపరుకు గంట అదనపు సమయం, స్క్రైబ్ (చెప్తే రాసిపెట్టే మనిషి), ఒక భాష నుంచి మినహాయింపు వంటివి అడగాలంటే అది కావాలి. ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు ఒక్కటే సరిపోదు.

ఇక స్పెషల్ స్కూలు సంగతి. నోటితో పాఠమంతా చెప్పగల పిల్లవాడికి అది అవసరమని నాకు అనిపించడం లేదు. స్కూలు మార్చాల్సి వస్తే ఫలితాల ఫ్లెక్సీలు చూసి నిర్ణయించకండి. స్పెషల్ ఎడ్యుకేటర్‌తో నేరుగా మాట్లాడండి. మీ బాబుకు వారానికి ఎన్ని పీరియడ్లు ఇస్తారు, యూనిట్ టెస్టుల్లో నోటి సమాధానాలు ఒప్పుకుంటారా అని అడగండి. ‘ట్యూషన్ పెట్టిస్తే అదే సర్దుకుంటుంది’ అన్నచోట చేర్చకండి.

లేఖకు జవాబు రాకపోయినా, వేధింపులు మొదలైనా ఆ కాపీ జతచేసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. దీనికి లాయరును పెట్టుకోనక్కర్లేదు.