కాజా ఎవరు కొనాలి?

ప్రశ్న: హైదరాబాద్‌కి ఐపీఎల్ కప్పులు రెండు వచ్చాయని నేనంటాను, ఒకటేనని మా మేనల్లుడు అంటాడు. కిలో మడత కాజా పందెం వేసుకున్నాం. డెక్కన్ చార్జర్సే కదండీ పేరు మార్చుకుని సన్‌రైజర్స్ అయ్యింది?
- ఒక పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: కాజా మీరే కొనాలండి. ఊరి లెక్కన రెండు కప్పులే, 2009లో చార్జర్స్‌ది ఒకటి, 2016లో సన్‌రైజర్స్‌ది ఒకటి. అంతటితో ఆగి ఉంటే మీరే నెగ్గేవారు. 'పేరు మార్చుకుని' అన్నారు చూశారూ, అక్కడ మేనల్లుడికి దొరికిపోయారు. చార్జర్స్ పేరు మార్చుకోలేదు, రద్దయింది. యాజమాన్యం అప్పుల్లో కూరుకుపోయి ఆటగాళ్ళ డబ్బులు కూడా బకాయి పడితే, 2012 సెప్టెంబరులో బోర్డు ఒప్పందం తెంచేసింది. తర్వాత కొత్తగా టెండర్లు పిలిస్తే ఏడాదికి 85.05 కోట్లకు సన్ టీవీ వాళ్ళు పాడుకున్నారు, అదే సన్‌రైజర్స్. పాత ఆటగాళ్ళు చాలామంది అందులోకే వచ్చారు గానీ పాత కప్పు మాత్రం రాలేదు.

మీ బాధ నాకు తెలుసు, నాదీ అదే. 2008లో 14 ఆడి 2 గెలిచి అట్టడుగున ఉన్న జట్టు ఆ చార్జర్స్. అంబాజీపేటలో మా కొబ్బరి కొట్టుకొచ్చిన ప్రతివాడూ లక్ష్మణ్ మీద జాలిపడి వెళ్ళేవాడు. మరుసటి ఏడు ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకి పోయింది. సెమీస్‌లో మన కెప్టెన్ గిల్‌క్రిస్ట్ ఢిల్లీని 35 బంతుల్లో 85 కొట్టి చితక్కొట్టాడు. ఇంకేం, ఫైనల్ మనదే అనుకున్నాం.

మే 24 రాత్రి బెంగళూరుతో ఫైనల్, కొట్లో లారీకి లోడు వేస్తున్నారు. బల్ల మీద చిన్న టీవీ. మొదటి ఓవర్లోనే కుంబ్లే గిల్‌క్రిస్ట్‌ని సున్నాకి లేపేశాడు. లారీ డ్రైవరు కన్నడాయన, ఒక్క కేక పెట్టాడు, గోతాం మోస్తున్న కుర్రాడు ఉలిక్కిపడి కాయలన్నీ వాకిట్లో దొర్లించేశాడు. గిబ్స్ కడదాకా నిలబడి 53 చేయబట్టి 143 అయ్యింది. సైమండ్స్ వరస బంతుల్లో టేలర్‌ని, కోహ్లిని పంపించేసరికి ఈసారి కేక మాది. ఆఖరి ఓవర్లో వాళ్ళకి 15 కావాలి, బంతి ఆర్పీ సింగ్ చేతిలో. లోడింగ్ ఆగిపోయింది. అందరూ గోతాల మీద కూర్చున్నారు. 6 పరుగులతో గెలిచాం. డ్రైవరు టీ కూడా తాగకుండా టార్పాలిన్ తాళ్ళు బిగించుకున్నాడు. ఓడినా మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కుంబ్లేకే ఇచ్చారు (4 వికెట్లు, 16 పరుగులు), ఆ మాట చెబితే కొంచెం చల్లబడ్డాడు.

ఆ జట్టులో రోహిత్ కూడా ఉండేవాడు. ముంబైకి వెళ్ళిపోయాక, 2012 ఏప్రిల్‌లో విశాఖలో చార్జర్స్ మీదే ఆడాడు. నేనూ మా తోడల్లుడూ రాజమండ్రి దాకా బస్సు, అక్కణ్ణించి రైలు పట్టుకుని వెళ్ళాం. ఆఖరి బంతికి 3 కావాలి. మన బౌలర్ డాన్ క్రిస్టియన్ వేసిన బంతిని రోహిత్ సిక్స్ కొట్టేశాడు. వాళ్ళ అమ్మగారిది విశాఖేనట, చుట్టుపక్కల సగం మంది చప్పట్లు కొట్టారు. మా తోడల్లుడు కూడా! తిరుగు రైల్లో ఆయనతో సామర్లకోట దాకా మాట్లాడలేదు.

ఆ ఏడు మే 20న ఉప్పల్‌లో ఆడిందే చార్జర్స్ చివరి మ్యాచ్. అదీ బెంగళూరు మీదే, 9 పరుగులతో గెలిచి వాళ్ళని ప్లేఆఫ్స్‌కి పోనివ్వలేదు. అప్పటికి ఆ లారీ డ్రైవరు మా వైపు రావడం మానేశాడు.

కాజా తాపేశ్వరంలోనే కొనండి. మేనల్లుడికి ముప్పావు కిలో చాలు, పావు కిలో తీర్పు చెప్పినవాడిది.