ఫోన్ లాగేసుకుంటే మార్కులు వస్తాయా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. తొమ్మిదిలో అన్ని సబ్జెక్టుల్లోనూ 80 దాటేవి. ఈ ఏడాది జరిగిన రెండు పరీక్షల్లోనూ 60 దగ్గరే ఆగిపోయాడు. పుస్తకం ముందు మూడు గంటలు కూర్చుంటాడు గానీ పక్కన ఫోన్ ఉండాల్సిందే. ఇన్‌స్టాగ్రామ్, రీల్స్, వాట్సాప్ గ్రూపులు. అదేమిటంటే, క్లాస్ గ్రూపులో నోట్స్ వస్తాయంటాడు. పోయిన వారం మావారు కోపం పట్టలేక ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేశారు. అప్పటి నుంచి మాతో మాట్లాడటం లేదు, పుస్తకమూ ముట్టడం లేదు. పైగా సైన్స్ వద్దు, వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. ఫోన్ వల్లే ఇలా అయ్యాడా? తిరిగి ఇవ్వాలా, వద్దా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఫోన్ తిరిగి ఇవ్వండి. అయితే ఇచ్చేలోపు రెండు సంగతులు తేలాలి. ఒకటి, మార్కులు ఎక్కడ పోయాయి. రెండు, ఫోన్ ఏ వేళలో చేతిలో ఉంటోంది. ఇవి తేలకపోతే ఫోన్ బీరువాలో ఉన్నా ఒకటే, చేతిలో ఉన్నా ఒకటే.

మొదటిదాని కోసం ఆ రెండు పరీక్షల జవాబు పత్రాలు బయటికి తీయండి. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు దాదాపు అందరూ ప్రోగ్రెస్ కార్డు పట్టుకొస్తారు. అందులో ఎన్ని వచ్చాయో ఉంటుంది, ఎందుకు పోయాయో ఉండదు. ఎందుకన్నది జవాబు పత్రం చెబుతుంది. తిట్లు పడతాయన్న భయం లేని ఒక పూట చూసి, మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఎర్ర సిరా పడిన చోట్లన్నీ చూడండి. లెక్కల్లోనో సైన్సులోనో మాత్రమే పడిపోయి, మిగతావి ఎప్పటిలాగే ఉంటే కష్టం ఆ సబ్జెక్టులో ఉంది. కింది తరగతుల్లో ఎక్కడో ఒక మెట్టు దాటేసి వచ్చుంటే, పాఠం బరువు పెరిగే పదిలో అది బయటపడుతుంది.

అలా కాకుండా అన్నిట్లోనూ తలా పదిహేను, ఇరవై పోయాయనుకోండి. అప్పుడు తప్పులు ఎలాంటివో చూడండి. ఒక లైన్‌లో ఉన్న మైనస్ గుర్తు కింది లైన్‌కి వచ్చేసరికి మాయమైపోతుంది. రెండు కారణాలు రాయమంటే ఒకటి రాసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతాడు. జవాబు మొదటి వాక్యం పుస్తకంలో ఉన్నట్టే మొదలవుతుంది, రెండో వాక్యం నుంచి సొంత మాటలతో ఎలాగో నింపేసి ఉంటుంది. ఇలాంటివి ఎక్కువగా కనబడితే, రాకపోవడం కన్నా ముక్కలు ముక్కలుగా చదవడం, నిద్ర చాలకపోవడం మీద నాకు అనుమానం వస్తుంది. ఫోన్ సంగతి అక్కడ మాట్లాడుకోవాలి.

ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, ఫోన్ కారణమా, లేక దాక్కునే చోటా అన్నది చాలా ఇళ్ళల్లో ఎవరూ చూడరు. కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతి అమ్మాయిని తీసుకొచ్చారు. ఇన్‌స్టాగ్రామ్ పిచ్చి అన్నారు. పేపర్లు తెప్పించి చూస్తే, బీజగణితం మొదలైన దగ్గర నుంచి ఆ పిల్లకి లెక్క అర్థమే కావడం లేదు. భిన్నాల దగ్గరే తడబాటు ఉంది. రోజూ సాయంత్రం పుస్తకం తెరవడం, పది నిమిషాల్లో ఒక లెక్క దగ్గర ఆగిపోవడం, ఎవరినీ అడగలేక ఫోన్ తీయడం. ఆమెకి భిన్నాల నుంచి మళ్ళీ చెప్పించాం. ఫోన్ వాడకం మొత్తంగా ఏమంత తగ్గలేదు, కానీ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు తీయడం తగ్గింది. మార్కులకి కావాల్సింది అదే. ఆ రోజు ఫోన్ ఒక్కటే లాక్కుని ఉంటే ఆ పిల్లకి మిగిలేది అర్థం కాని లెక్కల పుస్తకం మాత్రమే.

ఇక ఫోన్ గురించి. సోషల్ మీడియాకీ చదువుకీ ఉన్న సంబంధం మీద అంతకుముందు వచ్చిన అధ్యయనాల్ని జర్మనీ పరిశోధకులు 2018లో ఒకచోట చేర్చి చూశారు. అన్నీ కలిపి దాదాపు 30 వేల మంది లెక్క. ఎక్కువగా వాడేవాళ్ళకి మార్కులు కాస్త తక్కువ ఉన్న మాట నిజమే గానీ, ఆ తేడా మనం భయపడేంత పెద్దది కాదు. చదువుతూ మధ్యమధ్యలో వాడేవాళ్ళలో కూడా మార్కులు తక్కువే కనిపించాయి. పాఠాల కోసం వాడేవాళ్ళకి కొద్దిగా మెరుగ్గా ఉన్నాయి. సోషల్ మీడియా చదువుకునే గంటల్ని తినేస్తుందని మనం అనుకుంటాం కదా, దానికి మాత్రం వాళ్ళకి ఆధారం దొరకలేదు. అవి ఎక్కువగా ఫేస్‌బుక్ రోజుల లెక్కలు, రీల్స్ తర్వాత వచ్చాయి. అయినా మీరు రాసిన మూడు గంటల సంగతి దీనికి సరిగ్గా సరిపోతుంది. మీ అబ్బాయి గంటలు తగ్గించలేదు. ఆ గంటల్లోకి ఫోన్ వచ్చి కూర్చుంది.

2013లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. 263 మంది విద్యార్థుల్ని, వాళ్ళు రోజూ చదువుకునే చోటే, పదిహేను నిమిషాల పాటు గమనించారు. ఎవరో చూస్తున్నారని తెలిసి కూడా, సగటున ఆరు నిమిషాలు నిండకముందే చదువు వదిలి వేరేదాని మీదికి వెళ్ళారు.

ఇది నేను కళ్ళారా చూశాను. ఒక అబ్బాయి నా ఎదురుగా కూర్చుని వర్గ సమీకరణం చేస్తున్నాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. మూడో లైన్‌లో ఉండగా అది ఒకసారి వణికింది. అబ్బాయి దాన్ని ముట్టుకోలేదు, మంచి పిల్లవాడు. కానీ పెన్ను ఆగిపోయింది. కళ్ళు ఫోన్ వైపు వెళ్ళి వచ్చాయి. మళ్ళీ ప్రశ్న మొదటి నుంచి చదువుకున్నాడు, రెండో లైన్ కొట్టేసి తిరిగి రాశాడు. ఆ రెండో లైన్‌లో నిజానికి తప్పేమీ లేదు. అలా ఇంకో రెండుసార్లు జరిగింది. నాలుగు నిమిషాల లెక్కకి పదకొండు నిమిషాలు పట్టింది. "నేను ఫోన్ చూడలేదు కదా సార్" అన్నాడు చివర్లో. నిజమే, చూడలేదు. మీ అబ్బాయి మూడు గంటలు కూర్చున్నానని చెప్పేదీ అబద్ధం కాదు. తను కూర్చున్నాడు, చదువు మాత్రం ప్రతిసారీ మొదటికొచ్చింది.

తప్పంతా పిల్లవాడి మీద వేయకండి. కింది దాకా చూసినా అయిపోని ఆ పేజీ ఎవరో కూర్చుని ఆలోచించి తయారుచేసిందే. అజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో ఆ పద్ధతి కనిపెట్టి, తర్వాత దాని గురించి బహిరంగంగానే బాధపడ్డాడు. పుస్తకంలో పాఠం ఒక చోట ముగుస్తుంది, ఇక్కడ ముగింపు అనేదే లేదు. పెద్దవాళ్ళమే ఆగలేకపోతున్నాం, పదిహేనేళ్ళ పిల్లవాడిని నువ్వే ఆగు అంటే ఎలా?

అలాగని లాక్కోవడం మందు అనుకోకండి. ఇంగ్లండ్‌లో బడిలో ఫోన్లు నిషేధించిన 91 పాఠశాలల్ని పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు, వెనకబడిన పిల్లల మార్కులు పెరిగాయని, బాగా చదివేవాళ్ళలో తేడా లేదని 2015లో రాశారు. స్వీడన్‌లో అదే ప్రశ్న వేసుకుని 2020లో చూస్తే మొత్తానికి తేడాయే కనబడలేదు. ఫోన్ తీసేస్తే ఆ ఖాళీలోకి చదువు దానంతటదే రాదు. మీ ఇంట్లో ఈ వారం జరిగింది కూడా అదే కదా.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. చదివే గంటల్లో, పడుకునే గంటల్లో ఫోన్ ఆ గదిలో ఉండకూడదు. సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోవడం కాదు, బోర్లా పెట్టడం కాదు, వేరే గదిలో ఉండాలి. మిగతా వేళల్లో తన ఫోన్ తనది. ఏం చూస్తున్నాడని భుజం మీంచి తొంగి చూడకండి. ఆ మాత్రం నమ్మకం ఉంచితేనే మొదటి మాట నిలబడుతుంది. ఇంకో సంగతి, ఆ వేళకి మీ ఇద్దరి ఫోన్లు కూడా అదే చోట ఉండాలి. తను చదువుతుంటే మీవారు సోఫాలో కూర్చుని వీడియోలు చూస్తే ఈ పద్ధతి రెండు రోజులు కూడా నిలవదు.

క్లాస్ గ్రూపు సంగతి తను చెప్పింది సాకు కాకపోవచ్చు. చాలా చోట్ల నోట్స్ నిజంగానే అందులోనే వస్తున్నాయి. దాన్ని మ్యూట్‌లో పెట్టి, చదువు మొదలుపెట్టే ముందు ఒకసారి తెరిచి, కావాల్సింది నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, ఫోన్ ఇచ్చేసి కూర్చోమనండి. మధ్యలో ఏదైనా అర్థం కాకపోతే ఆ ప్రశ్న కాగితం మీద రాసి పెట్టుకోవాలి. చదువు అయ్యాక స్నేహితుడిని అడగొచ్చు. వెంటనే అడగకపోతే కొంపలేమీ మునగవు.

మూడు గంటలు వద్దు. అరగంట చదివి, ఐదు నిమిషాలు లేచి తిరిగి, మళ్ళీ అరగంట. అలాంటివి రోజుకి మూడు, నాలుగు నిజంగా జరిగితే మొదట్లో చాలు. విరామంలో ఫోన్ తీయకూడదు, ఎందుకంటే ఐదు నిమిషాలు ఎప్పుడూ ఐదు నిమిషాల్లో అయిపోదు. అరగంట చివర పుస్తకం మూసి, చదివింది కాగితం మీద రాయమనండి. ఇది నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకి వారం తర్వాత అందులో 40 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, చూడకుండా మూడుసార్లు రాసినవాళ్ళకి 61 శాతం గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మాత్రం మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. అందుకే పిల్లలు వచ్చేసిందనుకుని మోసపోతారు. ఫోన్ పక్కన పెట్టుకుని చేయగలిగేది పైపైన చదవడమే. మూసి రాయాలంటే ఫోన్ పక్కన ఉంటే కుదరదు, అది మీ అబ్బాయికే తెలిసొస్తుంది.

నిద్ర గురించి మీరు ఏమీ రాయలేదు. అడగండి. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. దుప్పట్లో ఫోన్ చూస్తూ ఒంటిగంటకి పడుకుంటే, పగలు చదివింది బుర్రలో కుదురుకోదు, పొద్దున క్లాసూ ఎక్కదు. ఇన్‌స్టాగ్రామ్‌లో 2024 నుంచి టీనేజ్ పిల్లల ఖాతాలకి రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు ఆగిపోయే ఏర్పాటు తెచ్చారు. తన ఖాతాలో పుట్టిన సంవత్సరం సరిగ్గా ఉందో లేదో ఇద్దరూ కలిసి చూడండి. వయసు ఎక్కువ వేసి ఖాతా తెరిచే పిల్లలు చాలామందే ఉన్నారు. అలారం కోసం ఫోన్ కావాలంటే మామూలు గడియారం ఒకటి కొనివ్వండి.

వీడియో ఎడిటింగ్ మాటని కొట్టిపారేయకండి. సినిమా, యానిమేషన్, ప్రకటనలు, వార్తా చానళ్ళు, చదువుకి సంబంధించిన వీడియోలు, అన్నిటికీ ఎడిటర్లు కావాలి. అది గౌరవమైన వృత్తే. కానీ చూడటం వేరు, చేయడం వేరు. తనది ఏదో తెలుసుకోవడానికి ఒక పని చెప్పండి. ఈ నెల సైన్స్‌లో ఒక పాఠం తీసుకుని రెండు నిమిషాల వీడియో చేసి చూపించమనండి. స్క్రిప్టు రాయాలి, బొమ్మలు వెతకాలి, గొంతు ఇవ్వాలి, నచ్చని చోట కోసి మళ్ళీ అతకాలి. ఆదివారం అంతా కూర్చుని దాన్ని పూర్తి చేస్తే ఆ ఆసక్తి నిజమైనదే, పదో తరగతి తర్వాత ఏ కోర్సులో చేరాలన్నప్పుడు దాన్ని తప్పకుండా లెక్కలోకి తీసుకుందాం. మొదలుపెట్టి వదిలేస్తే, లెక్కలంటే భయం వేసి అటు చూస్తున్నాడేమో ఆలోచించాలి. ఏదేమైనా, సైన్స్ తీసుకోవాలా వద్దా అన్నది 60 మార్కులు వచ్చిన ఈ రెండు పరీక్షల్ని చూసి మాత్రం నిర్ణయించకండి. ఇంకా సమయం ఉంది.

ఒక్క జాగ్రత్త. తిండి, నిద్ర బాగా తగ్గడం, ఇష్టమైన ఆటలు, స్నేహితులు వదిలేయడం, మెసేజ్ రాగానే ముఖం మారిపోవడం లాంటివి కనబడితే అది మార్కుల సమస్య కాదు. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఏడిపిస్తూనో, ఫొటోలతో బెదిరిస్తూనో ఉండొచ్చు. అప్పుడు ముందు "నీ మీద కోపం లేదు, ఏం జరిగిందో చెప్పు" అనాలి. మీతో చెప్పలేకపోతుంటే సైకాలజిస్టు దగ్గరికి ఆలస్యం చేయకుండా తీసుకెళ్ళండి.

ఫోన్ మీరు తీసి ఇవ్వొద్దు. లాక్కున్నది మీవారు కాబట్టి ఆయనే ఇవ్వాలి, ఆయన చేత్తోనే. "ఆ రోజు కోపంలో లాక్కున్నాను, అలా చేయకుండా ఉండాల్సింది" అని ఒక్క మాట అంటే చాలు. ఉపన్యాసం వద్దు. తర్వాత ముగ్గురూ కూర్చుని చదివే వేళలు ఏవో మీ అబ్బాయినే చెప్పమనండి. తను ఎంచుకున్న వేళ మీకు నచ్చకపోయినా రెండు వారాలు అలాగే సాగనివ్వండి. ఆ రెండు వారాల్లో పుస్తకం మూసి రాసిన కాగితాలు పారేయకుండా ఒక ఫైల్లో పెట్టండి. వాటితో పాటు పాత జవాబు పత్రాలు కూడా తీసుకుని మీ అబ్బాయితో కలిసి రండి. ప్రోగ్రెస్ కార్డు అక్కర్లేదు.