అమ్మమ్మ భాష వృత్తి భాష కావాలంటే: క్లినికల్ సైకాలజీలో హిస్పానిక్ విద్యార్థుల దారులు

ప్రశ్న: మాది తెనాలి. ఇరవై మూడేళ్లుగా టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉంటున్నాను. నా భార్య లరేడోలో పుట్టి పెరిగిన మెక్సికన్ అమెరికన్. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సైకాలజీ డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. క్లినికల్ సైకాలజిస్టు అయి, స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు వైద్యం చేస్తానంటోంది. మా వైపు బంధువులు మెడిసిన్ చదివించమంటున్నారు. ఈ వృత్తిలో బతుకుదెరువు ఉందా? పీహెచ్‌డీ, సైడీ, మాస్టర్స్‌లలో ఏది మేలు? ఇంటిపేరు తెలుగుది కదా, అమ్మాయిని హిస్పానిక్‌గా గుర్తిస్తారా? హైదరాబాద్‌లో చదివించి తిరిగి తీసుకువస్తే ఖర్చు తగ్గుతుందా?

జవాబు: అయ్యా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబు చిన్నది. టెక్సస్‌లో సైకాలజిస్టు లైసెన్సుకు డాక్టరేట్ తప్పనిసరి. మన దేశంలో ఎంఫిల్ చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైనవారు అక్కడ క్లినికల్ సైకాలజిస్టులే గాని, ఆ అర్హత ఇక్కడి డాక్టరేట్‌కు సమానం కాదు. అమెరికాలో పనిచేయదలచుకున్న పిల్ల అమెరికాలో చదవడమే సరైనది.

ఇక అవసరం సంగతి. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో హిస్పానిక్ జనాభా (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు) 6 కోట్ల 20 లక్షలు, అంటే దాదాపు 19 శాతం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ లెక్కల్లో 2015 నాటికి సైకాలజిస్టులలో హిస్పానిక్ వారు 5 శాతం మాత్రమే. ఆ తరువాత ఆ సంఖ్య కొంత పెరిగినా జనాభాతో పోలిస్తే ఇంకా చాలా వెనుకబడే ఉంది. పైగా ఆ కొద్దిమందిలోనూ స్పానిష్‌లో చికిత్స చేయగలిగేవారు అందరూ కారు. ఆదాయం విషయానికొస్తే, క్లినికల్, కౌన్సెలింగ్ సైకాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం ఇటీవలి సంవత్సరాలలో సుమారు 95 వేల డాలర్లుగా ఉంది. డాక్టరు జీతంతో పోలిస్తే ఇది తక్కువే, కానీ గౌరవంగా బతకడానికి చాలినంత. అందువల్ల మీరు తేల్చుకోవలసింది బతుకుదెరువు ఉందా లేదా అని కాదు, ఎంత అప్పుతో, ఎలాంటి శిక్షణతో అక్కడికి చేరాలి అన్నది.

పీహెచ్‌డీ, సైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) రెండూ డాక్టరేట్లే, రెండూ లైసెన్సుకు పనికివస్తాయి. పీహెచ్‌డీలో పరిశోధనకు పెద్ద పీట. మంచి విశ్వవిద్యాలయాలు ఫీజు మాఫీ చేసి నెలకింత భృతి కూడా ఇస్తాయి కాబట్టి పోటీ తీవ్రంగా ఉంటుంది, వందల దరఖాస్తులకు ఏడాదికి కొద్ది సీట్లే ఉంటాయి. 1973లో కొలరాడో రాష్ట్రంలోని వేల్ పట్టణంలో సైకాలజీ శిక్షణపై జరిగిన సదస్సు మద్దతుతో విస్తరించిన సైడీ చికిత్సకు ప్రాధాన్యమిస్తుంది. అందులో సీట్లు ఎక్కువ, కానీ చాలా చోట్ల ఫీజు మీరే కట్టాలి, మొత్తం అప్పు లక్ష డాలర్లు దాటడం మామూలే. ఏ దారి ఎంచుకున్నా ఆ కార్యక్రమానికి అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉండాలి. గుర్తింపు ఉన్న ప్రతి విభాగమూ తన విద్యార్థులు ఎన్నేళ్లలో పట్టా పొందారో, ఎంత ఖర్చయిందో, ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దొరికిందో, ఎంతమంది లైసెన్సు తెచ్చుకున్నారో తన వెబ్‌సైటులో ప్రకటించి తీరాలి. ప్రచార పత్రాలను పక్కనపెట్టి ముందుగా ఆ పట్టికను చదవమని మీ అమ్మాయికి చెప్పండి.

చదువుతో పాటు టెక్సస్‌లో మొత్తం 3,500 గంటల పర్యవేక్షిత అనుభవం కావాలి. అందులో సగం ఇంటర్న్‌షిప్‌లో వస్తుంది. ఆపైన ఈపీపీపీ అనే జాతీయ పరీక్షలో 200 నుంచి 800 వరకు ఉండే స్కేలు మీద 500 రావాలి, రాష్ట్ర చట్టాలపై మరో పరీక్ష కూడా రాయాలి. బ్యాచిలర్స్ డిగ్రీ తరువాత డాక్టరేట్‌తో కలిపి ఇదంతా పూర్తికావడానికి ఆరేడేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంట్లో స్పానిష్ మాట్లాడినంత మాత్రాన స్పానిష్‌లో చికిత్స చేయడం రాదు. మీ అమ్మాయి వాళ్ల అమ్మమ్మతో గలగలా మాట్లాడుతుండవచ్చు, కానీ ఆత్మహత్య ఆలోచనల గురించి ఒక నడివయసు కూలీని అతడు నొచ్చుకోకుండా ఎలా అడగాలో, మందుల దుష్ప్రభావాలను ఏ మాటల్లో వివరించాలో, నివేదిక ఎలా రాయాలో ఆమె ఇంగ్లీషులోనే నేర్చుకుంటుంది. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే స్పానిష్‌లో తూ, ఉస్తెద్ ఉన్నాయి. పెద్దాయనను తొలి రోజే తూ అని పిలిచిన చికిత్సకురాలి దగ్గరికి ఆయన రెండోసారి రాకపోవచ్చు. మన ఊళ్లలో దిగులునూ ఆందోళననూ నరాల బలహీనత అని చెప్పుకున్నట్టే అక్కడ నెర్వియోస్ అంటారు. దుఃఖవార్త విన్నప్పుడో ఇంట్లో గొడవ జరిగినప్పుడో ఒళ్లు వణికి, కేకలు పెట్టి, పడిపోయే స్థితిని అతాకే దె నెర్వియోస్ అంటారు. అమెరికాలో మానసిక వ్యాధుల నిర్ధారణకు వాడే డీఎస్ఎమ్ అనే గ్రంథం నాలుగవ కూర్పులోనే, 1994లో, ఇది సాంస్కృతిక వ్యాధిభావనగా చోటుచేసుకుంది. దీన్ని పానిక్ అటాక్ అని రాసేస్తే నిర్ధారణే తప్పుదారి పట్టవచ్చు. ఈ తేడాను పుస్తకం పూర్తిగా నేర్పదు, స్పానిష్ తెలిసిన పర్యవేక్షకుడు కేసు కేసుకూ కూర్చోబెట్టి నేర్పాలి.

అందువల్ల కళాశాలల ఎంపికలో నేను అన్నిటికన్నా ముందు అడగమనే ప్రశ్న ఇది: స్పానిష్‌లో జరిగే చికిత్సను స్పానిష్ తెలిసినవారే పర్యవేక్షిస్తారా? మీ ఊళ్లోనే ఉన్న అవర్ లేడీ ఆఫ్ ది లేక్ విశ్వవిద్యాలయంలో స్పానిష్ మాట్లాడేవారికి మానసిక సేవలపై ప్రత్యేక సర్టిఫికెట్ శిక్షణ ఉంది, కౌన్సెలింగ్ సైకాలజీలో సైడీ కూడా ఉంది. సరిహద్దు ప్రాంతంలోని రియో గ్రాండ్ వ్యాలీ విశ్వవిద్యాలయం క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ ఇస్తోంది. ప్యూర్టోరికోలో 1966లో మొదలై తరువాత మయామీకీ విస్తరించిన కార్లోస్ అల్బిసు విశ్వవిద్యాలయం ఈ రంగంలో పాత సంస్థ. వీటిని నమూనాలుగా తీసుకుని మిగతావాటిని పోల్చి చూడమనండి.

మరొక హెచ్చరిక మనసులో పెట్టుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థినిని శిక్షణ పొందుతున్న చోట రోజుకు నాలుగైదుసార్లు పక్క గదుల్లోకి పిలిచి దుబాసీ పని చేయించారు. ఆమె సొంత కేసుల గంటలు తగ్గిపోయాయి, అదనపు వేతనమూ రాలేదు. స్పానిష్ వచ్చిన పిల్లలకు ఇది తరచు ఎదురయ్యే ఇబ్బంది. ఒప్పందం కుదుర్చుకునే రోజే ద్విభాషా పనికి గంటలు లెక్కిస్తారా, భత్యం ఉందా అని మర్యాదగా అడగడం తప్పేమీ కాదు, అది ఆమె హక్కు.

ఉద్యోగాల సంగతి చూస్తే, మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థ ఈ దేశంలో అత్యధిక సైకాలజిస్టులకు శిక్షణనిచ్చే సంస్థ. మీ శాన్ ఆంటోనియో సైనిక నగరం కాబట్టి అక్కడ అవకాశాలు ఎక్కువ. పేదలకు వైద్యమందించే సామాజిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేస్తే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అనే సమాఖ్య ప్రభుత్వ పథకం రెండేళ్ల సేవకు చదువు అప్పులో కొంత తీరుస్తుంది, స్పానిష్ ప్రావీణ్యం నిరూపించుకున్నవారికి 5,000 డాలర్ల వరకు అదనంగా ఇచ్చే నిబంధనను కూడా చేర్చింది. ప్రభుత్వ, లాభాపేక్ష లేని సంస్థలలో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కట్టినవారికి మిగతా సమాఖ్య రుణం మాఫీ అవుతుంది. ఆశ్రయం కోరే వలసదారులకు మానసిక పరీక్షలు జరిపి కోర్టుకు నివేదికలివ్వడం మరొక దారి. మనసును గట్టిగా పట్టుకోగలిగినవారికే అది తగినది. పొరుగున ఉన్న న్యూమెక్సికో, అదనపు శిక్షణ పొందిన సైకాలజిస్టులకు మందులు రాసే అధికారాన్ని 2002లోనే అన్ని రాష్ట్రాలకన్నా ముందుగా ఇచ్చింది. మెడిసిన్ అంటున్న మీ బంధువులకు ఈ సంగతి చెప్పండి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మానసిక సామర్థ్య పరీక్షల రంగం. 1934లోనే న్యూమెక్సికోకు చెందిన జార్జ్ సాంచెజ్, ఇంగ్లీషు రాని పిల్లలకు ఇంగ్లీషులో తెలివితేటల పరీక్ష పెట్టి మందమతులని తేల్చడం తగదని రాశారు. అయినా 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు నడిచే దాకా స్పానిష్ మాట్లాడే పిల్లలను అలాంటి పరీక్షల ఆధారంగానే ప్రత్యేక తరగతులకు పంపేవారు. తిరిగి స్పానిష్‌లో పరీక్షిస్తే చాలామంది ఆ కోవలోకి రారని తేలింది. నేటికీ రెండు భాషల మధ్య పెరిగిన పిల్లవాడినీ, పక్షవాతం వచ్చిన వృద్ధురాలినీ సరిగా పరీక్షించగల న్యూరోసైకాలజిస్టులు (మెదడు పనితీరును పరీక్షించే సైకాలజిస్టులు) చాలా కొద్దిమంది. మీ అమ్మాయికి కొలతల మీద, గణాంకాల మీద ఆసక్తి ఉంటే ఈ దారిలో ఆమెకు పని కరువు ఉండదు.

డాక్టరేట్ అంత దూరం వెళ్లలేకపోతే అది ఓటమి కాదు. అరవై క్రెడిట్ల మాస్టర్స్ చేసి, 3,000 గంటల పర్యవేక్షణ పూర్తిచేస్తే టెక్సస్‌లో ఎల్‌పీసీ (ప్రొఫెషనల్ కౌన్సెలర్) లైసెన్సు వస్తుంది. 2024 జనవరి నుంచి వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ కూడా వారికి చెల్లిస్తోంది. బడులలో సైకాలజీ నిపుణులుగా పనిచేయడానికీ మాస్టర్స్ స్థాయి లైసెన్సు ఉంది, అక్కడ ద్విభాషా పరీక్షకులకు గిరాకీ ఎక్కువ.

ఇంటిపేరు గురించి మీ బెంగ నాకు అర్థమైంది. 2020 జనాభా లెక్కలలో హిస్పానిక్ అన్నదాన్ని జాతిగా కాక మూలంగా లెక్కించారు. ఏ జాతివారైనా, ఏ ఇంటిపేరు గలవారైనా తమను తాము అలా చెప్పుకోవచ్చు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ప్రవేశాలలో జాతిని ఒక అంశంగా లెక్కించడం ఆగిపోయింది, కానీ ఆ నేపథ్యం తన జీవితాన్ని ఎలా మలచిందో వ్యాసంలో రాయడానికి అభ్యంతరం లేదు. లరేడోలో అమ్మమ్మ మాటలనూ తెనాలిలో నాయనమ్మ మాటలనూ చిన్నప్పటి నుంచి ఒకరి కోసం మరొకరికి మార్చి చెప్పిన పిల్లకు రాయడానికి చాలా ఉంటుంది. అయితే పీహెచ్‌డీ దరఖాస్తులో అంతకన్నా బరువైనది ఆమె పరిశోధనాసక్తి ఏ ఆచార్యుడి పనితో కలుస్తుందన్నది.

మీ ఊరిలోనే పుట్టిన మార్తా బెర్నాల్ కథ అమ్మాయికి చెప్పండి. 1931లో శాన్ ఆంటోనియోలో మెక్సికో నుంచి వచ్చిన దంపతులకు పుట్టి, బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్షించే కాలంలో ఎల్ పాసోలో చదువుకుని, 1962లో ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ పొందారు. అమెరికాలో సైకాలజీ డాక్టరేట్ పొందిన తొలి మెక్సికన్ అమెరికన్ మహిళ ఆమే. పట్టా వచ్చాక ఆడవాళ్లను తీసుకోబోమని విశ్వవిద్యాలయాలు ముఖం మీదే చెప్పాయి. తరువాత ఆమె, శిక్షణ కార్యక్రమాలలో అల్పసంఖ్యాకుల గురించి ఎంత తక్కువ నేర్పుతున్నారో సర్వే చేసి లెక్కలతో బయటపెట్టారు. 1979లో మొదలైన జాతీయ హిస్పానిక్ సైకాలజిస్టుల సంఘం ఏర్పాటులో ఆమె పాత్ర ఉంది. నేడు దాని పేరు నేషనల్ లాటినెక్స్ సైకలాజికల్ అసోసియేషన్. విద్యార్థులకు కూడా అందులో సభ్యత్వం ఉంది, మీ అమ్మాయి ఇప్పుడే చేరవచ్చు.

తండ్రిగా మీరు సిద్ధపడవలసినది ఒకటుంది. ఇంటర్న్‌షిప్ దేశవ్యాప్త ఎంపిక పద్ధతిలో దొరుకుతుంది. ఏడాది పాటు ఒహాయోకో న్యూయార్క్‌కో వెళ్లవలసి రావచ్చు. ఆడపిల్ల ఇంటికి దూరంగా ఉండడం మీ తెనాలి వాళ్లకూ లరేడో వాళ్లకూ ఒకేలా కష్టంగా తోస్తుంది. ఈ మాట ఇప్పటి నుంచే అటూ ఇటూ పెద్దల చెవిన వేయండి. రెండో సంవత్సరం ముగిసేలోపు ఆమె ఏదో ఒక ఆచార్యుడి ప్రయోగశాలలో చేరాలి, గణాంకాల కోర్సు పూర్తిచేయాలి, స్పానిష్‌లో వ్యాసరచన నేర్పే కోర్సు ఒకటి తీసుకోవాలి. ఎక్కువ భాగం పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు డిసెంబరు మొదట్లో ఉంటుంది కాబట్టి, నాలుగో సంవత్సరం మొదలయ్యే ముందు వేసవికల్లా ఆచార్యులకు రాసే ఉత్తరాలు సిద్ధంగా ఉండాలి.