బూజు వేసే ముందు నీళ్లు చూడు

అమ్మా కోడలా,

ఆశీస్సులు. మీ కాలేజీ పిల్లల చేత దోమ లార్వాల మీద, వాటిని చంపే లెజెనిడియం బూజుతో ప్రయోగం చేయిస్తానన్నావు. చాలా సంతోషం. అయితే ముందు నీళ్ల సంగతి చూసుకో. ఈ బూజు మందు కాదు, ప్రాణమున్నది. దాని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి లార్వా చర్మానికి అతుక్కుంటాయి. లోపలికి దూరి రెండు మూడు రోజుల్లో ఒళ్లంతా దారాలు అల్లేస్తాయి. మామూలు లార్వా మీద చెయ్యి నీడ పడితే చటుక్కున అడుక్కి జారిపోతుంది. బూజు పట్టింది మాత్రం కదల్లేక, తెల్లగా మసకబారి ఉంటుంది. లెన్స్ పెట్టి పిల్లలకి ఇది తప్పకుండా చూపించు.

ఊడ్చిన వరిమళ్లూ, వాననీటి గుంటలూ దీనికి అనువు. ఉప్పు తగిలే పర్రల్లో బతకదు. ఎండాకాలం నీళ్లు బాగా కాగితే నీరసపడిపోతుంది. మురుగు కాలవలోనూ అంతే. నాకు బాధగా ఉండేది అక్కడే, ఎందుకంటే మన జిల్లాల్ని పీడించిన బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ పుట్టేది ఆ మురుగులోనే. అక్కడ పూడిక తీయించి నీరు పారించాల్సిందే, బూజు మీద ఆశ పెట్టుకోకు. గుర్రపుడెక్క నిండిన చెరువుల్లో ఇంకో చిక్కు. మాన్సోనియా అనే దోమ లార్వాలు పైకి రాకుండా మొక్క వేళ్లకి గుచ్చుకుని అక్కడే గాలి పీలుస్తాయి. గరిటెతో ముంచితే దొరకవు, మొక్కని పీకి బకెట్లో జాడించాలి.

రెండు తెల్ల పళ్లాలు పెట్టించు, ఒకదాంట్లోనే బూజు వెయ్యి. లార్వాలు తెచ్చిన గుంట నీళ్లే పోయాలి, క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు వద్దు. చిన్న లార్వాలు ఏరండి, ప్యూపాల్ని (లార్వా తర్వాతి దశవి) కలపకండి. పైన దోమతెర కట్టడం మరిచిపోవద్దు. బూజు లేని పళ్లెంలో ఎన్ని చచ్చాయో కూడా రాయించు, అది లేకపోతే లెక్కకి విలువ లేదు.

కొబ్బరి కొమ్ముపురుగుని చంపడానికి వాడే మెటారైజియం బూజు మన కొబ్బరి రైతుల దగ్గర దొరుకుతుంది కదా అని అదే గుంటల్లో చల్లించకు. అది వేరే బూజు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా. లెజెనిడియంలో కొన్ని రకాలు కుక్కలకి జబ్బు తెచ్చిన దాఖలాలున్నాయి. కాబట్టి పళ్లాలు దాటి కాలవలోకి పోనివ్వకు. పిల్లలకి గ్లవ్స్ వేయించు, అయిపోయాక నీళ్లు బాగా మరగబెట్టి పారబోయించు.

మీ మావయ్య